జవాబులు కలవని చోట

పట్టాలు అందుకున్న పిల్లలకు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలకు అభినందనలు.

మీ క్లాసు వాట్సాప్ గ్రూపు సంగతి నాకు తెలుసులేండి. రేపు రికార్డు ఇవ్వాలంటే ఈ రాత్రి ఒకరు ఫొటోలు పెడతారు. తెల్లారేసరికి క్లాసంతా ఒకటే రికార్డు, ఒకటే తప్పు. చాట్‌జీపీటీ వచ్చాక ఆ ఫొటోలు పెట్టేవాడి అవసరమూ తీరింది. దీన్ని కలిసి చదువుకోవడం అంటే నేనొప్పుకోను.

కలిసి చదవడం ఎట్లాగో మన జిల్లాలోనే ఒకాయన చేయించి చూపించాడు. సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, కావ్యాల రాతప్రతులు ఊరూరి నుంచి తెప్పించి ఒకదానితో ఒకటి పోల్పించాడు. ప్రతులన్నీ ఒకేలా ఉంటే ఆ పండితులకు పనేముంది? పాఠం తేడా వచ్చిన చోటే వాదన, అక్కడే చదువు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో పట్టుకున్నదీ ఇదే కిటుకు. ఒక ప్రశ్న వేస్తాడు. ఎవరి జవాబు వాళ్లు ముందు సొంతంగా ఇవ్వాలి. ఆ తర్వాత పక్కవాడితో వాదించి, మళ్లీ జవాబివ్వాలి. చేతులెత్తమంటే ముందు బెంచీని చూసి మిగతావాళ్లు ఎత్తుతారు. అదే ఒక్కొక్కరి చేతిలో జవాబు నొక్కే మీట పెడితే సిగ్గుపడే పిల్ల జవాబు కూడా లెక్కలోకి వస్తుంది, క్లాసు ఎన్ని రకాలుగా చీలిందో అప్పటికప్పుడు తెలుస్తుంది. యంత్రం పని అంతవరకే. ఆ పైన నోళ్లదే పని. ఇప్పుడా మీట మీ జేబులో ఫోనే.

చేతికి యంత్రం అందడం మన జిల్లాకు కొత్తేం కాదు. పులివెందులకు దగ్గర్లో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. పది పాసైన పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. నన్నడిగితే ఏ కాలేజీలోనైనా ల్యాప్‌టాప్‌తో సగం పనే అవుతుంది. చదివింది చెప్పి పక్కవాణ్ణి ఒప్పించడానికి టైంటేబుల్లో ఒక గంట కావాలి.

మీలో చాలామంది బెంగళూరు, హైదరాబాదు ఆఫీసుల్లో చేరతారు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు, సెలవులకు ముందో వెనకో ఒక పూట మీరు చదివిన బడికి వెళ్లండి. ఒక లెక్క ఇచ్చి, జవాబు చెప్పకుండా, పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి వాదించుకోనివ్వండి.