బొగ్గు తరువాతి బ్రదుకు

మీట నొక్కినంతనే దీపము వెలుగుచున్నది, రేడియో పలుకుచున్నది. ఆ విద్యుచ్ఛక్తి ఎచ్చట పుట్టి మన యింటికి వచ్చినదో తలచువారము మాత్రము తక్కువ. మన దేశమున ఉత్పత్తియగు విద్యుత్తులో నేటికిని పదింట సుమారు ఏడు పాళ్ళు బొగ్గు నుండియే లభించుచున్నది. ఒక యూనిట్టు విద్యుత్తునకు అరకిలోకు మించిన బొగ్గు కాలవలెను. అది కాలినపుడు సుమారు ఒక కిలోగ్రాము బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. భూగోళము వేడెక్కుటకు ఈ వాయువే ముఖ్యకారణము. మన బొగ్గులో బూడిద పాలు అధికమగుటచే కలుగు ధూళి, బూడిద చెరువుల బాధ వేరుగ నున్నది.

2021 నవంబరులో గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచ సమావేశములో భారతదేశము ఒక మాట ఇచ్చినది. 2070 నాటికి మనము గాలిలోనికి విడుచు వాయువులకును, తిరిగి గ్రహించు వాయువులకును లెక్క సరిపోవలెననునదియే ఆ మాట. బొగ్గు, చమురు వంటి ఇంధనములతో పనిలేని విద్యుత్కేంద్రముల శక్తిని 2030 నాటికి 5 లక్షల మెగావాట్లకు చేర్చవలెననియు సంకల్పించినది. 2025లో దేశపు మొత్తము స్థాపితశక్తిలో సగము ఇట్టి కేంద్రములదే అయినది. ఇది సంతోషింపదగిన విషయము. కాని 2024-25 సంవత్సరముననే మన గనుల నుండి 100 కోట్ల టన్నులకు మించి బొగ్గు వెలువడినది. ఈ రెండును ఒకే కాలమున ఎట్లు పొసగును?

కారణము సులభమే. స్థాపితశక్తి వేరు, ఉత్పత్తి వేరు. 100 మెగావాట్ల సౌరకేంద్రము రేయింబవళ్ళ సగటు చూచినచో 20, 25 మెగావాట్లకు మించి ఈయజాలదు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మటనే గదా ఇంటింట దీపములు వెలుగుట! కావున పగటి శక్తిని రాత్రికి దాచవలెను. శ్రీశైలము ఎడమగట్టు విద్యుత్కేంద్రమున ఇందుకొక మార్గము చూడవచ్చును. అచ్చటి యంత్రములు నీటి వేగమున తిరిగి విద్యుత్తు నిచ్చును. మిగులు విద్యుత్తు నందించినచో వెనుకకు తిరిగి, దిగువ నీటిని మరల జలాశయమునకు తోడగలవు. ధాన్యమును గాదెలో పోసికొనునట్లు శక్తిని నీటి రూపమున దాచుకొనుట యన్నమాట. ఇట్టి నిల్వలును, బ్యాటరీలును పెరిగినకొలది బొగ్గుపై ఆధారము తగ్గును.

యంత్రముల చిక్కును ఇంజనీర్లు విప్పగలరు. మనుష్యుల చిక్కు అంత తేలికగ విడునది కాదు. 1871లో డాక్టరు కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనిన పిదప గోదావరి లోయలో ఊళ్ళకు ఊళ్ళే వెలసినవి. సింగరేణి సంస్థలో 1990 దశాబ్ది ఆరంభమున లక్షకు మించిన కార్మికులుండిరి. నేడున్నవారు సుమారు 40 వేలమంది. ఉత్పత్తి మాత్రము ఆనాటికన్న ఎంతో పెరిగినది. అనగా సూర్యశక్తి రాకమునుపే ఉపరితల గనులు, భారీ యంత్రములు తట్టా చెమ్మస్ పట్టిన చేతులకు పని తగ్గించినవి. మిగిలిన జీతములపైననే కొత్తగూడెము, మందమర్రి, గోదావరిఖని అంగళ్ళు నడచుచున్నవి. కాంట్రాక్టు కూలీలు, లారీ డ్రైవర్లు, టీకొట్ల వారు, కూరలమ్ము స్త్రీలు బొగ్గుపై బ్రదుకువారే. సంస్థ మస్టరులో మాత్రము వీరి పేర్లుండవు.

దక్షిణాఫ్రికా అనుభవము మనకొక హెచ్చరిక. గ్లాస్గో సమావేశ సందర్భముననే సంపన్న దేశములు ఆ దేశమునకు 850 కోట్ల డాలర్లు సమకూర్తుమనినవి. అందధికభాగము తిరిగి చెల్లింపవలసిన ఋణమే. 1961లో ప్రారంభమైన కొమాటి బొగ్గు విద్యుత్కేంద్రమును 2022 అక్టోబరులో మూసివేసిరి. స్థిరోద్యోగులకు ఇతర కేంద్రములలో చోటు చూపిరి. కాంట్రాక్టు పనివారును, ఆ యూరి చిరువర్తకులును జీవనాధారము కోల్పోయిరి. క్రొత్త పని రాకమునుపే పాత పని పోయినది. లోపమంతయు అందే యున్నది.

మన యొద్దను మార్పు ఆరంభమైనది. కొత్తగూడెము పాత విద్యుత్కేంద్రపు శీతలగోపురములు 2024 ఆగస్టులో నేలకూలినవి. సింగరేణి సంస్థయే తన భూములలో 200 మెగావాట్లకు పైబడిన సౌరకేంద్రములను నెలకొల్పినది. అయితే ఒక సత్యమును మరువరాదు. సౌరఫలకములను నిలుపునాడు పలువురు కావలెను. నిలిపిన పిదప తుడుచుటకును, కాపలాకును కొలదిమంది చాలుదురు. కావున గని యిచ్చిన పనులన్నియు సౌరకేంద్రమే ఈయగలదని ఆశపెట్టుట తగదు. ఏ గని ఎప్పుడు మూతపడునో కొన్నియేండ్ల ముందుగనే ప్రజలకు చెప్పవలెను. జీతము నిలువకమునుపే శిక్షణము ఈయవలెను. ఆ శిక్షణమునకు తగిన పరిశ్రమ ఆ యూరికి సమీపముననే ఉండవలెను. గనుల ప్రాంతముల మేలుకొరకు 2015 నాటి చట్టసవరణచే ఏర్పడిన జిల్లా ఖనిజనిధులున్నవి. ఆ ధనము రోడ్లకును భవనములకును మాత్రమే కాక, కార్మికుల బిడ్డల చదువులకును, కాంట్రాక్టు కూలీల పునరావాసమునకును వినియోగపడవలెను.

బొగ్గు రేపే ఆరిపోవు నిప్పు కాదు. ఇంకను కొన్ని దశాబ్దుల వ్యవధి యున్నది. ఆ వ్యవధియే మనకున్న నిజమైన ధనము. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిరి. ఇన్నేండ్లు చీకటిలోనికి దిగి మన యిండ్లకు వెలుగు తెచ్చినవారి ఇల్లును అట్లే చక్కబెట్టుట మన విధి.