ప్లాటు నా పేర, లెక్క ఆయన పేర

నా పేర ఉన్న ప్లాటుతో నాకున్న సంబంధం రెండు సంతకాలు: కొన్న రోజు ఒకటి, అమ్మిన రోజు ఒకటి. అందులో మా అమ్మ పెట్టిన గాజులు అమ్మిన డబ్బూ ఉంది. లాభం మాత్రం మొత్తం ఆయన పన్ను లెక్కలోకే వెళ్లింది.

ఎందుకని ఆడిటరును అడిగాను. భర్త తన డబ్బుతో భార్య పేర కొంటే అద్దెయినా, అమ్మిన లాభమయినా భర్త ఆదాయంలోనే కలుపుతారట. 1961 చట్టంలోని 64వ సెక్షన్ అది. 2025 కొత్త చట్టమూ దాన్ని ఉంచింది. భార్య సొంత డబ్బు పెడితే ఆ మేరకు ఆదాయం ఆమెదే.

"గాజులమ్మిన రసీదుందా?" అన్నాడు. ఆ రసీదు ఎవరు దాస్తారమ్మా!

ఇప్పుడు ఇళ్లకు వెళ్లినప్పుడు దస్తావేజు ఎవరి పేరనే కాదు, డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లిందనీ అడుగుతున్నాను.