రాణిఖేత్ రోగం, రాణిపేట టీకా
(పెరటి కోళ్ల పెంపకంపై ప్రసంగ పాఠం)



నెమిలి, గుడియాత్తం, వేలూరు ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెరటి కోడి కొత్తది కాదు. పల్లెలో కోళ్లు పగలంతా చేలలో మేసేవి. రాత్రి గంప బోర్లిస్తే సరిపోయేది. పట్టణంలో ఇల్లు ఇంటికి ఆనుకొని ఉంటుంది. కోళ్ల వాసన, తెల్లవారుజామున పుంజు కూత పొరుగువారు కూడా భరించవలసినవే. కనుక ముందుగా ఇంటి యజమాని సమ్మతి పొందాలి, పురపాలక కార్యాలయంలో నియమాలు అడిగి తెలుసుకోవాలి. ఆ తరువాతనే గూడు కట్టాలి.

గూడు నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున ఉండాలి. ఒక్కొక్క కోడికి సుమారు రెండు చదరపు అడుగుల చోటు కావాలి. గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి పడదు. సన్నకన్నుల ఇనుపవల బిగిస్తే గాలి ఆడుతుంది. ముంగిస, పిల్లి దూరవు. అడుగున రెండంగుళాల మందాన వరి ఊక పరచి, తడిసిన వెంటనే మార్చాలి. దుర్వాసనకూ ఈగలకూ తడి ఊకే మూలం. తీసిన ఊక ఎరువుగా పనికివస్తుంది. నాలుగైదు పెట్టలకు చీకటి మూలన ఒక గుడ్ల బుట్ట చాలు.

నాటు పెట్ట ఏడాదికి 60 నుండి 80 గుడ్లు పెడుతుంది. తానే పొదిగి 21 రోజులలో పిల్లలను లేపుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకు, వనరాజా మాంసానికీ గుడ్లకూ అనుకూలం. ఇవి ఎక్కువ గుడ్లు పెట్టినా సాధారణంగా పొదగవు. పిల్లలను మళ్లీ కొనవలసిందే. ఏ జాతికైనా బూజుపట్టిన గింజలు పెట్టరాదు.

ఇంత శ్రమనూ కొద్ది రోజులలో తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. కోడి మందగిస్తుంది, ఆకుపచ్చగా తెల్లగా పారుతుంది, మెడ మెలితిరుగుతుంది. సోకిన తరువాత మందు లేదు. టీకా ఒక్కటే రక్ష. హిమాలయ పట్టణమైన రాణిఖేత్ పేరు ఈ రోగానికి వచ్చింది. దాని టీకా మాత్రం నెమిలి ఉన్న జిల్లాలోనే, 1932లో రాణిపేటలో నెలకొన్న పశువ్యాధి నివారణ సంస్థలో తయారవుతుంది. పిల్లలకు మొదటి వారంలో కంటిలో గాని ముక్కులో గాని చుక్క, ఎనిమిదో వారంలో రెక్క క్రింద సూది వేయించాలి. తమిళనాడు పశుసంవర్ధక శాఖ సాధారణంగా ఫిబ్రవరిలో పెరటి కోళ్లకు ఉచిత శిబిరాలు నిర్వహిస్తుంది.

అయితే ఇక్కడి పశువైద్యశాలలో కొక్కెర తెగులు అంటే అర్థం కాకపోవచ్చు. తమిళంలో దాని పేరు ‘వెళ్ళై కళిచ్చల్’. టీకాను ‘తడుప్పూసి’ అంటారు. పశువైద్యశాలను ‘కాల్నడై మరుత్తువమనై’ అంటారు. ఈ మూడు మాటలు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కోళ్లు ఒక్కసారిగా చనిపోతే వాటిని అమ్మరాదు, తినరాదు, కాలువలో పారవేయరాదు. వెంటనే వైద్యునికి తెలిపి, సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. పొరుగింటి గూడు కూడా అప్పుడే నిలుస్తుంది.