బొంతకో గది – మిషనుకో పని



మొన్న మా ఇంటికి వచ్చిన ఒకావిడ వెనక గదిలోకి తొంగి చూసి, "ఏమండీ, టైలరు దుకాణం పెట్టారా ఏమిటి? మూడు మిషన్లున్నాయే!" అని ఆశ్చర్యపోయింది. "దుకాణం కాదండీ, బొంతలు కుట్టుకుంటున్నాను" అన్నాను. ఆవిడ నవ్వి, "బొంతకి గది కూడా ఎందుకండీ? మా అమ్మమ్మ వీధరుగు మీద కూర్చుని కుట్టేసేది" అంది.

ఆవిడ అన్నది నిజమే సుమండీ. బెంగాలీలు కాంథా అంటారు, మరాఠీలు గోధడి అంటారు, కన్నడం వారు కౌది అంటారు, మనం బొంత అంటాం. పేరేదైనా పని ఒక్కటే. కట్టి కట్టి మెత్తబడ్డ చీరలని పొరలుగా పేర్చి, కుట్టి, మళ్ళీ ఒంటిని అంటిపెట్టుకునేలా చేయడం. అయితే అమ్మమ్మకి అరుగుంది. పరిచిన బొంత నాలుగు రోజులు అక్కడే ఉన్నా తీయమనేవాళ్ళు లేరు. మన పోర్షన్లలో అరుగేదీ?

మేముండేది సికింద్రాబాదు తిరుమలగిరిలో. హాలు, పడకగది, వంటిల్లు, వెనకాల ఒక సామాన్ల గది. మా అత్తగారి నల్ల కాలిమిషను మెట్ల కింద ఉండేది. మా అమ్మ పోయాక ఆవిడ నూలు చీరలు తొమ్మిది నా దగ్గరికి వచ్చాయి. వాటితో రెండు బొంతలు కుట్టి, ఒకటి అక్క మనవడికి, ఒకటి మా అమ్మాయికి ఇవ్వాలని అక్కా నేనూ అనుకున్నాం. ఆదివారం వస్తే మిషను హాల్లోకి లాగేదాన్ని. గుడ్డలు పరిచి టాకాలు వేసేసరికి ఎవరో ఒకరు వచ్చేవారు. అన్నీ గబగబా చుట్టి మంచం కిందికి తోసేదాన్ని. మళ్ళీ ఆదివారానికి టాకాలు ఊడి, పొరలు జరిగిపోయి ఉండేవి. వాటిని సర్దుకోవడంతోనే ఆ పూట కాస్తా అయిపోయేది. ఇలా మూడేళ్ళు గడిచాయి.

ఒకరోజు పెట్టె తెరిస్తే ఏముంది? మూడు చీరలకి పురుగు పట్టింది. గంజిపెట్టిన చీరలని అలాగే మడిచి పెట్టడం నాదే తప్పు. పురుగుకి గంజి అంటే మహా ఇష్టం కదా! నేను పదో తరగతి ప్యాసయిన రోజున అమ్మ కట్టుకున్న మామిడి పిందెల అంచు నీలం చీర కూడా అందులో ఉంది. చేత్తో ఎత్తితే జల్లెడలా ఉంది. పాత బట్టకి ఏడవడమేమిటి అనుకుంటారేమో కాని, నేను కూర్చుని ఏడ్చాను.

ఆ రాత్రే మా వారితో, "సామాన్ల గది నాక్కావాలి" అన్నాను. "ఇల్లు ఇరకటం, ఆలి మరకటం అని ఊరికే అన్నారా?" అని వేళాకోళం చేశారు. కాని మర్నాడు పాత పేపర్లు, విరిగిన కుర్చీలు అమ్మేసింది ఆయనే.

గది పది అడుగుల పొడుగు, తొమ్మిది అడుగుల వెడల్పు. దాన్ని సర్దుకోవడంలో నేను నేర్చుకున్నవి చెబుతాను.

మొట్టమొదట వెలుతురు. మిషను సూది మనకి ఎడమ పక్క ఉంటుంది కనుక కిటికీగాని, దీపంగాని ఎడమ నుంచే ఉండాలి. కుడి నుంచి పడితే మన చెయ్యే నీడ పడుతుంది.

రెండోది, బొంత బరువు. పొరలు కుట్టేటప్పుడు బొంత కిందికి వేలాడితే ఆ బరువు సూదిని లాగుతుంది. సూది వంగుతుంది, ఒక్కోసారి పుటుక్కున విరుగుతుంది, కుట్లు వంకర పోతాయి. అందుకని మిషనుకి ఎడమ పక్కన, వెనకాల, మిషను బల్ల ఎత్తుకే రెండు బల్లలు వేశాను. ఒకటి మా అబ్బాయి చదువుకున్న పాత బల్లే.

మూడోది ఇస్త్రీ. ఇస్త్రీ బల్ల నిలబడి చేసుకునే ఎత్తులో ఉంచాను. గంటలకొద్దీ కూర్చోకుండా లేచి నిలబడటం నడుముకి మంచిది. ఇస్త్రీ పెట్టె చాలా కరెంటు లాగుతుంది కనుక దానికి ప్లగ్గు వేరుగా ఉండాలి. మిషను మోటారు, ఇస్త్రీ పెట్టె ఒకే తీగ మీద పెట్టకండి.

ఇక మిషన్ల సంగతి. మోటారు మిషను మీద ముక్కలు కలుపుతాను. దానికి పద్నాలుగో నంబరు సూది, అంగుళానికి పన్నెండు కుట్లు. అత్తగారి కాలిమిషను మీద పొరలు కుడతాను. దానికి పదహారో నంబరు సూది, అంగుళానికి ఎనిమిది నుంచి పది కుట్లు. కాలి వేగం మన అదుపులో ఉంటుంది, కరెంటు పోయినా పని ఆగదు. మూడోది అక్క ఇచ్చిన చేతిమిషను. దాని మీద కుడిచెయ్యి చక్రం తిప్పడానికే సరిపోతుంది. బరువైన బొంతని ఒక్క ఎడమచేత్తో నడపలేం. అంచేత అంచు పట్టీలు కలపడానికి, పిల్లలు నేర్చుకోవడానికి దాన్ని ఉంచాను. దేని సూది దానికి, దేని దారం దానికి ఎక్కించే ఉంటాయి. మాటిమాటికీ మార్చే బాధ తప్పింది.

పొరలు కుట్టేటప్పుడు ముడతలెందుకు పడతాయో తెలుసా? అడుగు పొరని మిషను పళ్ళు ముందుకి తోస్తాయి, పై పొరని ఫుట్ అదిమిపెట్టి వెనక్కి ఆపుతుంది. అందుకని ఫుట్ మీది మరని కాస్త వదులు చేసి, జానెడు దూరానికొక వరస టాకాలు వేసుకుని, బొంత మధ్యనించి అంచులవైపు కుట్టుకుంటూ పోవాలి. ఇంటి మిషనులో సూదికి, కుడివైపు స్తంభానికి మధ్య ఆరేడు అంగుళాల చోటే ఉంటుంది. బొంతని చాపలా చుట్టి అందులోంచి పోనివ్వాలి.

నేను చేసిన రెండు పొరపాట్లు కూడా చెబుతాను, మీరు చేయకుండా. త్వరగా అవుతుందని మొదటి బొంత ముక్కలు సగం వరసలు మోటారు మిషను మీద, సగం కాలిమిషను మీద కలిపాను. తీరా చూస్తే వరసలు ఒకదానికొకటి అతకలేదు! రెండు మిషన్ల ఫుట్ల వెడల్పులో అంగుళంలో పదహారో వంతు, అంటే ఒక్క వీసం తేడా ఉంది. కుట్టుకి రెండు పక్కలా కలిపి ఎనిమిదో వంతు. వరసలో పన్నెండు ముక్కలంటే పదకొండు కుట్లు. మొత్తం అంగుళం పైన రెండు వీసాలు తక్కువ అర, అంటే దాదాపు అంగుళంన్నర తేడా! అందుకని ఎన్ని మిషన్లున్నా ఒక బొంత ముక్కలన్నీ ఒకే మిషను మీద కలపాలి.

రెండోది, మిషను నూనె అయిపోయిందని కొబ్బరినూనె వేశాను. డిసెంబరు చలికి సీసాలో గడ్డకట్టినట్టే మిషనులోనూ గడ్డకట్టి, చక్రం కదలకుండా కూర్చుంది. మిషనుకి మిషను నూనే వేయాలి. వేశాక ముందుగా పాత గుడ్డ మీద కుట్టి చూడాలి, లేకపోతే బొంతకి మరకలంటుతాయి.

అలాగని మూడు మిషన్లు కొనమని నేను చెప్పడం లేదు సుమా! ముందు ఒక్క మిషనుతోనే ఓ బొంత పూర్తి చేయండి. పని ఎక్కడ ఆగిపోతోందో అప్పుడు తెలుస్తుంది. గది లేకపోతే ఒక గోడ వారైనా చాలు. కాని అతిథులు వచ్చినా ఆ గోడ వార పరిచింది తీయక్కర్లేదని ఇంట్లో అందరికీ తెలియాలి. వంటింట్లో పొయ్యి మీదున్న గిన్నెని ఎవరో వచ్చారని దించేస్తామా? ఇదీ అంతే.

మూడేళ్ళలో కానిది ఆ గదిలో రెండు నెలల్లో అయింది. ఆరు చీరలతో రెండు బొంతలు కుట్టాను. పాడయిన నీలం చీరలో పురుగు ముట్టని చోటు వెతికితే అరచేతులంత ముక్కలు రెండు దొరికాయి. బొంతకొకటి చొప్పున మధ్యలో పెట్టాను. అక్క తన బొంత విప్పి, మిగతా కుట్లేవీ చూడలేదు. ఆ ముక్క మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఊరుకుంది.

మీ పెట్టెల్లోనూ అలాంటి చీరలు ఉండే ఉంటాయి. ఈ ఆదివారం ఒకసారి తీసి, గంజి పోయేలా ఉతికి, ఎండలో వేయండి. ఆ తరవాత ఇంట్లో ఏ గోడ మీకు దొరుకుతుందో చూసుకోండి.

మరి సెలవు.