అరెస్టు చేయడం వేరు, చూపించడం వేరు



మా సంఘం గడపకు ఎక్కువగా వచ్చేవి స్కాలర్‌షిప్పు, పింఛను కాగితాలే. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక తల్లి వస్తుంది. కొడుకు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. రాత్రి జీపులో వచ్చి, విచారించి పంపిస్తామని తీసుకుపోయారు. స్టేషనుకు పోయి అడిగితే ఇక్కడ లేడంటారు. మూడోనాడు, ఆ ఉదయమే అరెస్టు చేసినట్టు కోర్టులో కాగితం పెడతారు. దీన్నే మనవైపు ‘అరెస్టు చూపించడం’ అంటాము. అన్యాయం మాటల్లోకి కూడా ఎక్కిపోయిందన్నమాట!

చట్టం మాత్రం స్పష్టంగానే ఉన్నది. ప్రయాణకాలం పోను 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతున్నది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 57వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహితలో 58వ సెక్షను చెప్పేదీ అదే. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు మరికొన్ని నియమాలు పెట్టింది. అరెస్టు మెమోలో తేదీ, టైము వేయాలి. ఇంటివాళ్ళో, ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి డాక్టరు చూడాలి. ఆ సాక్షి సంతకం మీలో ఎవరినైనా పెట్టమంటే, టైము చదవకుండా పెట్టకండి.

కోర్టు ఆర్డరు ఇస్తే చాలునా? మన గుంటూరులోనే చూశాము. 2021 మే 14న అప్పటి నరసాపురం ఎం.పి. రఘురామకృష్ణరాజు గారిని సి.ఐ.డి. వారు హైదరాబాదులో అరెస్టు చేసి గుంటూరు తెచ్చారు. మర్నాడు కోర్టులో ఆయన, తనను కొట్టారని కాళ్ళు చూపించారు. ప్రభుత్వాసుపత్రిలోను, ఒక ప్రైవేటు ఆసుపత్రిలోను పరీక్ష చేయించమని మేజిస్ట్రేటు ఆర్డరు వేశారు. మొదటిది అయ్యాక, రెండవదానికి కాకుండా జైలుకు తీసుకుపోయారు! హైకోర్టు దీన్ని తప్పుపట్టింది. 17న సుప్రీంకోర్టు సికిందరాబాదు సైనిక ఆసుపత్రికి పంపించి, న్యాయాధికారి ఎదుట, వీడియో తీస్తూ పరీక్ష చేయమన్నది. కాలివేలి ఎముక విరిగినట్టు ఆ రిపోర్టులో వచ్చింది. 21న బెయిలు ఇస్తూ, కస్టడీలో హింస జరిగి ఉండవచ్చునన్నది కొట్టివేయలేమని సుప్రీంకోర్టు వ్రాసింది. 2024 జులైలో నగరంపాలెం స్టేషనులో దీనిపై హత్యాయత్నం కేసు కట్టారు.

ఎం.పి. గనుక ఢిల్లీదాకా వెళ్ళగలిగారు. ఆయన రాజకీయం మనకు పనిలేదు. యార్డు కూలీకి అదే ఆర్డరు వస్తే వెనక ఎవరు నడుస్తారు, అదీ మా ప్రశ్న.

1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషను సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. రిక్షా తొక్కే మనిషి చనిపోయాడు, ఆయన భార్యపై అత్యాచారం జరిగింది. ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. అయినా కేసు రాయచూరుకు మారి, 1981లో అందరూ విడుదలయ్యారు. కమిషన్ రిపోర్టు వేరు, శిక్ష వేరు.

కనుక మొదటి రోజే పని జరగాలి. తీసుకుపోయిన గంట, జీపు నంబరు, చూసినవాళ్ళ పేర్లు వెంటనే వ్రాసిపెట్టుకోండి. స్టేషనులో లేడంటే జిల్లా ఎస్.పి.కి టెలిగ్రాం ఇచ్చే కాలం పోయింది. స్పీడ్ పోస్టు, ఈమెయిలు పంపి రసీదు దాచండి. అప్పటికీ ఆచూకీ చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చును. మేజిస్ట్రేటు “కొట్టారా?” అని అడిగితే, పక్కన పోలీసు ఉన్నాడని బెదరవద్దని పిల్లలకు ముందే చెప్పండి. వకీలుకు డబ్బు లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100. పెన్ను ఉన్నవారు వ్రాసుకోండి, లేనివారికి మా కుర్రవాళ్ళు చీటీలు పంచుతారు.