క్రీడాసర్వర్లపై సేవానిరోధ దాడులు

ఇంటర్నెట్టులో పలువురు కూడి యాడు నాటకు సర్వరు మూలస్థానము. సేవానిరోధ మొనర్చువాడు దాని తాళము పగులగొట్టడు, సొత్తు దోచుకొనడు. లెక్కకు మిక్కిలియగు దొంగవిన్నపములతో వాకిలి క్రమ్మివేయును. నిజమైన యాటగాని పిలుపు లోనికి జొరనేరదు. ఆటలో నిమేషమాత్రపు జాప్యమే యోటమి గదా!

2016లో అమెరికాలో మువ్వురు యువకులు 'మిరాయి' యను ప్రోగ్రామును నిర్మించి, తయారీనాటి పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపఱచుకొనిరి. ఆ సేన ముట్టడించిన వానిలో 'మైన్‌క్రాఫ్ట్' ఆట సర్వర్లు పెక్కు. ఒక సర్వరు స్తంభించిన, విసిగిన బాలురు పొరుగు సర్వరునకు పోవుదురు. వారిచ్చు సొమ్మును వారి వెంటనే పోవును. లెక్క చూచిన, బేరమంతయు నిచ్చటనే యున్నది.

2017లో ఆ మువ్వురును అలాస్కా న్యాయస్థానమున నేరము నంగీకరించిరి. మఱుసటి యేట ఒక్కొక్కనికి 2,500 గంటల సమాజసేవ విధింపబడెను.