రోగశయ్య చెంతకు మెదడు చిత్రము

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఈ ఆవని కొండపై సీతమ్మవారు లవకుశులను గని పెంచెనని మన పెద్దలు చెప్పుదురు. అట్టి యూర, బిడ్డల ప్రాణమునకు సంబంధించిన యొక క్రొత్త పరికరమును గూర్చి మాటలాడుట అప్రస్తుతము కాదని తలచెదను.

1970ల దశాబ్ది చివర మన కోలారు జిల్లాలో జపాను మెదడువాపు చెలరేగినది. వరిమళ్ళలో పెరుగు దోమలు పందులనుండియు, కొంగలనుండియు ఆ రోగబీజమును తెచ్చి మనుష్యులకు సోకించును. జ్వరము, మూర్ఛలు, పిదప తెలివి తప్పుట. పుఱ్ఱెలోపల నేమి జరుగుచున్నదో చూచుటకు సి.టి. యంత్రము 1971లో లండనులో తొలిరోగిని పరీక్షించియే యుండెను. మన పల్లెలకది యెంత దూరము!

నేడు పెద్ద ఆసుపత్రులలో యంత్రములు గలవు. చిక్కు వేఱొకటి. ఊపిరియంత్రముపై నున్న బిడ్డను, గొట్టములతోను మందుల పంపులతోను మఱియొక గదికి తీసికొనిపోవలెను. దారిలో గొట్టము జాఱవచ్చును, రక్తపుపోటు పడిపోవచ్చును. ఎం.ఆర్.ఐ. యయస్కాంతము సాధారణముగా 1.5 లేక 3 టెస్లాలు. ఇనుప ప్రాణవాయువు సిలిండరు సైతము దానివైపు ఎగిరిపోవును. కావున మిక్కిలి జబ్బుగా నున్న బిడ్డకే ఆ చిత్రము దుర్లభమగుచున్నది.

ఇందులకై చక్రములపై నడచు చిన్న ఎం.ఆర్.ఐ. వచ్చినది. అమెరికాలో 2020లో దీనికి అనుమతి లభించినది. దాని బలము 0.064 టెస్లా మాత్రమే. మంచము చెంతకు త్రోసికొనివచ్చి గోడనున్న మామూలు ప్లగ్గునకు తగిలించిన చాలును. (1902లో శివసముద్రమునుండి బంగారు గనులకు విద్యుత్తు వచ్చిన వింతను తాతలనోట విన్న మనకు, ప్లగ్గు మాట చిన్నది కాదు!) సి.టి.లో వలె ఎక్స్‌కిరణములు లేవు. బిడ్డ కదలకుండ నుండవలెను గాని, ఊపిరియంత్రమును, నర్సును విడువనక్కరలేదు.

అయినను దీనిని అతిగా నమ్మరాదు. పెద్ద రక్తస్రావమును, మెదడులో నీరు నిండుటను, మెదడు ప్రక్కకు ఒఱుగుటను ఇది చూపగలదు. చిన్న గాయములు దీని కంటబడకపోవచ్చును; అప్పుడు పెద్ద యంత్రమే శరణ్యము. పసికందులకు నడినెత్తి మెత్తదనము పూడకమున్ను అల్ట్రాసౌండుతోనే చాలవఱకు తెలియును. ఇది చౌక.

వైద్యుడు చిత్రము తీయవలెనన్నప్పుడు జంకక యడుగుడు: బిడ్డను కదల్పవలెనా? కదల్చిన అపాయమెంత? ఈ చిత్రమువలన చికిత్స మాఱునా? బిడ్డ చెవిలోగాని తలలోగాని అమర్చిన పరికరమున్నచో ముందే చెప్పుడు. చిన్న యంత్రమైనను అయస్కాంతమే. సంతకము పెట్టు కాగితము కన్నడములోనో ఇంగ్లీషులోనో యుండును. అర్థము కానిచో తెలుగున చెప్పించుకొనుడు, అందు సిగ్గేమి?

జ్వరముతో మూర్ఛ వచ్చిన బిడ్డను మాత్రము, ఏ యంత్రము ఎక్కడ నున్నదని విచారించుచు ఇంట నుంచుకొనకుడు. వెంటనే దగ్గఱి ఆసుపత్రికి చేర్పుడు. జపాను మెదడువాపునకు టీకా గలదు. వ్యాధి యున్న జిల్లాలలో తొమ్మిదవ నెల నిండినపుడొకటి, పదునాఱు నెలల పైని మఱియొకటి వేయుదురు. ఇంటికి పోయి బిడ్డల టీకా కార్డు తీసి, ఆ రెండు గడులును చూడుడు.